‘పెద్దవాళ్లే కదా, వాళ్లే చూసుకుంటారు’ అనకండి: యాక్సిలరేటెడ్ నర్సింగ్ కోర్సులు నడిపేవారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన డీన్‌లకు, కరిక్యులమ్ కమిటీ సభ్యులకు, తోటి అధ్యాపకులకు నమస్కారం.

నేను అమెరికాలో యాక్సిలరేటెడ్ బీఎస్ఎన్ (నర్సింగ్‌లో బ్యాచిలర్ డిగ్రీ) కోర్సుల్లో పాఠాలు చెబుతాను, విద్యార్థులను వెంటబెట్టుకుని ఆసుపత్రి వార్డుల్లో తిరుగుతాను. ఈ కోర్సుల్లో చేరాలా వద్దా అని తర్జనభర్జన పడే తెలుగువాళ్లు, వీటిలో పాఠాలు చెప్పే తెలుగువాళ్లు నాకు తారసపడుతూనే ఉంటారు. అందుకే మీటింగులో ఓ మూల చెప్పి ఊరుకోకుండా ఈ విషయాన్ని నలుగురి ముందూ పెడుతున్నాను.

సిలబస్ మీటింగుల్లో మనందరికీ బాగా అలవాటైన మాట ఒకటుంది. ఫలానా అంశానికి టైమ్ చాలడం లేదని ఎవరో అంటారు. వెంటనే ఇంకొకరు, ‘సెల్ఫ్ స్టడీకి ఇచ్చేద్దాం, పెద్దవాళ్లే కదా, వాళ్లే చూసుకుంటారు’ అంటారు. అందరూ తలూపుతారు, మీటింగ్ తర్వాతి అంశానికి వెళ్లిపోతుంది. రక్తంలో ఆమ్లం, క్షారం ఎటు తూగుతున్నాయో రిపోర్టు చూసి చెప్పడం అలా పోతుంది. ఈసీజీ చదవడంలో ఓనమాలు అలా పోతాయి. వినడానికి ఆ మాట విద్యార్థుల మీద గౌరవంలాగే ఉంటుంది. నిజానికి మనం అక్కడ చేతులు దులుపుకుంటున్నాం.

ఈ కోర్సుల సంగతి తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. వేరే సబ్జెక్టులో ఇప్పటికే డిగ్రీ ఉన్నవారికి నర్సింగ్ డిగ్రీ తొందరగా ఇచ్చే ఏర్పాటు ఇది. 1971లో సెయింట్ లూయిస్ యూనివర్సిటీలో మొదలైంది. అమెరికన్ నర్సింగ్ కాలేజీల సంఘం లెక్క ప్రకారం మామూలుగా 11 నుంచి 18 నెలల్లో పూర్తవుతుంది. అంత తొందరగా ఎలా అంటే, ఇంగ్లిష్, స్టాటిస్టిక్స్, సోషల్ సైన్స్ లాంటివి పాత డిగ్రీలో చదివేశారు కాబట్టి వాటిని మళ్లీ చదవక్కర్లేదు. ఎనాటమీ, మైక్రోబయాలజీ లాంటివి చేరకముందే పూర్తిచేసి రావాలి. తగ్గింది ఇంతే. క్లినికల్ గంటలు మామూలు కోర్సులో ఎన్నో ఇక్కడా అన్నే ఉంటాయని ఆ సంఘమే చెబుతోంది. అంటే కుదించింది క్యాలెండర్‌ని. నర్సింగ్ నేర్చుకోవడానికి అడ్డదారి ఎవరూ కనిపెట్టలేదు.

క్లాసులో ఎవరుంటారో మీకు తెలుసు. ఒక అకౌంటెంట్, ఒక స్కూల్ టీచర్, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి విసిగిపోయిన ఒకాయన, సైన్యంలో మెడిక్‌గా చేసి వచ్చిన ఇంకొకాయన, పిల్లలు బడికి వెళ్లడం మొదలయ్యాక తన చదువు మళ్లీ అందుకున్న ఒక తల్లి, స్వదేశంలో డాక్టరై ఇక్కడ ఆ లైసెన్సు దారి దొరకని ఒకామె. ఎడ్మిషన్ దగ్గరే మంచి మార్కులున్నవాళ్లను ఏరి తీసుకుంటాం. ప్రశ్నలు అడుగుతారు, చెప్పిన టైముకి వస్తారు, సందేహం తీరేదాకా వదలరు. వీళ్లకు పాఠం చెప్పడం నాకు నిజంగా ఇష్టం.

చిక్కు ఏమిటంటే, ఇంత సమర్థంగా కనిపించే మనిషి నర్సింగ్‌లో అప్పుడే అక్షరాలు దిద్దుతున్నాడన్న సంగతి మనం మర్చిపోతాం. ఒక్కోసారి వాళ్లూ మర్చిపోతారు.

వయోజన విద్య అనగానే అందరం మాల్కం నోల్స్ పేరు చెబుతాం. పెద్దవాళ్లు ఎందుకు నేర్చుకోవాలో తెలిస్తేనే నేర్చుకుంటారని, తమ చదువు పగ్గాలు తమ చేతిలో ఉండాలనుకుంటారని, వెనక ఉన్న అనుభవంతో వస్తారని, సమస్య ముందు పెడితే చురుగ్గా ఉంటారని 1960ల చివరి నుంచి ఆయన చెబుతూ వచ్చారు. ఇందులో మనం పట్టుకున్నది ‘సొంతంగా నేర్చుకుంటారు’ అన్న ఒక్క ముక్క. 1970లో పిల్లల చదువునీ పెద్దల చదువునీ ఎదురెదురుగా నిలబెట్టిన నోల్సే, 1980 నాటికి తన మాట సవరించుకున్నారు. అవి రెండూ ఒకే గీతకు రెండు కొసలని, బొత్తిగా కొత్త విషయం ముందు నిలబడిన పెద్దవాడికీ చెయ్యి పట్టుకుని నడిపించేవాళ్లు కావాల్సి ఉంటుందని ఒప్పుకున్నారు. ఫ్యాకల్టీ ట్రైనింగ్ స్లైడ్లలో ఈ రెండో సంగతి ఎందుకో కనబడదు.

మన రంగంలోనే ప్యాట్రిషియా బెనర్ 1984లో ఇంకా తేటగా చెప్పారు. పైలట్ల మీద, చదరంగం ఆటగాళ్ల మీద డ్రైఫస్ సోదరులు చేసిన పరిశీలనను ఆమె నర్సులకు వర్తింపజేశారు. కొత్తవారి నుంచి నిపుణుల దాకా ఐదు మెట్లు చూపించారు. ఏ మెట్టు మీద ఉన్నామన్నది వయసుని బట్టో, డిగ్రీని బట్టో ఉండదు. ఆ పరిస్థితిలో మనకున్న అనుభవాన్ని బట్టి ఉంటుంది. ఏళ్ల తరబడి చేసిన నర్సు కూడా ఎన్నడూ చూడని రకం పేషెంట్ల దగ్గరకు వెళ్తే అక్కడ మళ్లీ మొదటి మెట్టే. అలాంటప్పుడు నలభై ఏళ్ల బ్యాంకు మేనేజర్ మొదటిరోజు వార్డులో ఏ మెట్టు మీద ఉంటారో వేరే చెప్పాలా?

ల్యాబ్‌లో నేను చేయించే ఒక లెక్క చూడండి. రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ అనే మందు డ్రిప్. బ్యాగులో 500 మిల్లీలీటర్లకు 25,000 యూనిట్లు, అంటే మిల్లీలీటరుకు 50. ఆర్డరు: కిలో బరువుకు గంటకు 18 యూనిట్లు. చార్టు కాగితంలో పేషెంట్ బరువు దగ్గర ‘176’ అని మాత్రమే ఉంటుంది. పక్కన కిలోలని గానీ పౌండ్లని గానీ ఉండదు. కావాలనే అలా వదిలేస్తాను.

అందరికంటే ముందు చెయ్యెత్తింది మాజీ అకౌంటెంట్. లెక్కలు ఆమెకు కొట్టినపిండి. 176ని 18తో గుణించి 50తో భాగించి గంటకు 63.4 మిల్లీలీటర్లు అని చెప్పింది. గుణకారం తప్పలేదు, భాగహారం తప్పలేదు. మంచం మీద పడుకోబెట్టిన బొమ్మవైపు చూపించి, ‘ఈ మనిషి 176 కిలోలు ఉన్నట్టున్నాడా?’ అని అడిగాను. క్లాసంతా ఒక్కసారి కాగితం వదిలి మంచం వైపు చూసింది. 176 పౌండ్లంటే దాదాపు 80 కిలోలు. ఇవ్వాల్సింది గంటకు 28.8 మిల్లీలీటర్లు. ఆమె చెప్పిన అంకె పంపులో పెడితే రక్తం గడ్డకట్టకుండా చేసే మందు రెట్టింపు కన్నా ఎక్కువ వెళ్తుంది, గంట గంటకూ వెళ్తూనే ఉంటుంది. పంపులో హద్దులు పెట్టి ఉంటాయి కదా అని ఒకరన్నారు. ఉంటాయి. కానీ బరువు మనం కొట్టిందే అది నమ్ముతుంది. బరువు కిలోల్లోనే తూచి కిలోల్లోనే రాయండని మందుల భద్రత చూసే సంస్థలు మొత్తుకునేది ఇందుకే.

ఆ తర్వాత ఆమెను ఇంకో ప్రశ్న అడిగాను. ‘మీ పాత ఆఫీసులో బిల్లు మీద అంకె ఉండి, అది డాలరో యూరోనో రాసి లేకపోతే ఏం చేసేవారు?’ ‘తిప్పి పంపేసేదాన్ని’ అంది, ఏమాత్రం ఆలోచించకుండా. అంటే కావాల్సిన అలవాటు ఆమెలో ఉంది. కాకపోతే దాన్ని ఆఫీసులో వదిలేసి ఇక్కడికి వచ్చింది, ఎందుకంటే ఇక్కడ తనకు ఏమీ తెలియదనుకుంది, లెక్క తప్ప. ఆ అలవాటును వార్డుకు తీసుకురావచ్చని ఆమెకు ఎవరో ఒకరు చూపించాలి. ఈ పాఠాన్ని రాత్రి పదకొండింటికి ఇంట్లో చదువుకోమని సెల్ఫ్ స్టడీకి పంపితే ఆమె ఇరవై లెక్కలు చేస్తుంది, ఇరవైకి ఇరవై తెచ్చుకుంటుంది. యూనిట్ లేని అంకె ఆమె కంట పడదు, ఎందుకంటే వర్క్‌బుక్ లెక్కల్లో యూనిట్లు ఎప్పుడూ బుద్ధిగా రాసే ఉంటాయి.

అనుభవం అన్నిసార్లూ ఇలా మంచికే రాదు. మెడిక్‌గా చేసినవాళ్లు రక్తస్రావం చూసి బెదరరు, ఐవీ సూది చకచకా పెట్టేస్తారు. కానీ నెమ్మదిగా నాలుగు రోజుల్లో ముదిరే గుండె వైఫల్యం ముందు వాళ్లకు ఓపిక చాలదు. టీచర్లు పేషెంటుకు అద్భుతంగా వివరిస్తారు, అతను చెప్పేది వినడం మర్చిపోతారు. నర్సింగ్ అసిస్టెంట్లుగా చేసినవాళ్లు పక్క సర్దడం దగ్గర్నుంచి అన్నీ మనకంటే బాగా చేస్తారు, అయితే డాక్టరుకు ఫోన్ చేసి ‘ఈ ఆర్డరు నాకు సరిగ్గా అనిపించడం లేదు’ అనమంటే గొంతు పెగలదు. ఎవరి దగ్గర ఏ పాత అలవాటు ఉందో, అది ఎక్కడ ఆదుకుంటుందో, ఎక్కడ అడ్డం తిరుగుతుందో అప్లికేషన్ ఫారం చూస్తే తెలియదు. పక్కన నిలబడి చూడాలి. పెద్దవాళ్లకు పాఠం చెప్పడంలో ఎక్కువ టైమ్ పట్టేది ఇదే, మన టైమ్‌టేబుల్‌లో చోటు లేనిదీ ఇదే.

అలా చూడటానికి సిమ్యులేషన్‌కు, అంటే బొమ్మలతో, పాత్రధారులతో వార్డు సన్నివేశాన్ని ఉత్తుత్తిగా నడిపించడానికి మించిన చోటు లేదు. ఒక సన్నివేశం చెబుతాను. పొట్ట ఆపరేషన్ అయి రెండో రోజు. జ్వరం 38.4 డిగ్రీల సెల్సియస్, పల్స్ 112, బీపీ 104కి 60. వార్డులో నిరంతర మానిటర్ లేదు, తోసుకొచ్చి పెట్టే మెషీన్ ఉంది. అది బీపీ, పల్స్, ఆక్సిజన్, జ్వరం చూపిస్తుంది. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో అది చెప్పదు, నర్సు గడియారం చూసి లెక్కపెట్టాల్సిందే. (అందుకే నిజం చార్టుల్లో కూడా ఆ గడిలో 16 లేదా 18 అని కనబడితే నాకు అనుమానమే. అంతమంది అంత పద్ధతిగా ఊపిరి తీయరు.) మంచం పక్కన కూతురి పాత్రలో ఉన్నామె ‘మా నాన్న ఏదో తేడాగా ఉన్నాడు, ఎవరూ పట్టించుకోవడం లేదు’ అని గొంతు పెంచుతుంది.

ఆ రోజు నర్సు పాత్రలో ఉన్నామె ఇంతకుముందు పెద్ద దుకాణంలో మేనేజర్. కూతురివైపు తిరిగి, కూర్చోబెట్టి, పేరు అడిగి, ఎంత చక్కగా మాట్లాడిందంటే చూస్తున్నవాళ్లంతా మెచ్చుకున్నారు. కూతురు శాంతించింది. ఈలోగా పేషెంట్ నిమిషానికి 26 సార్లు ఊపిరి తీస్తున్నాడు. ఎవరూ లెక్కపెట్టలేదు. ఇన్ఫెక్షన్ ఒంట్లోకి పాకుతోందనడానికి అదే పెద్ద గుర్తు. పైగా ‘ఏదో తేడాగా ఉన్నాడు’ అని కూతురు చెబుతున్నదీ అదే.

ఇప్పుడు డీబ్రీఫింగ్, అంటే సన్నివేశం అయ్యాక జరిగినదాన్ని కూర్చుని చర్చించుకోవడం. ‘శ్వాస ఎందుకు లెక్కపెట్టలేదు?’ అని అడిగామనుకోండి, ఆమె ‘సారీ, మర్చిపోయాను’ అంటుంది. మనం ‘ఇంకోసారి మర్చిపోవద్దు’ అంటాం. ఐదు నిమిషాల్లో తూతూ మంత్రంగా ముగుస్తుంది. ఆమె నేర్చుకున్నది సారీ చెప్పడం. అలా కాకుండా నేను చూసింది చూసినట్టు చెప్పాను: ‘పల్స్ 112 ఉంది, కూతురు గొంతు పెంచింది. మీరు ఆమెవైపు తిరిగి ఆరు నిమిషాలు మాట్లాడారు. ఆ ఆరు నిమిషాలూ పేషెంట్‌ని చూసేవాళ్లు లేరని నాకు కంగారనిపించింది. అప్పుడు మీ మనసులో ఏం నడుస్తోంది?’ ఆమె కాసేపు ఆలోచించి, ‘మా పనిలో ఎవరైనా కోప్పడితే ముందు వాళ్లను చల్లబరచాలి, అసలు సమస్య తర్వాత చూడొచ్చు. అలాగే అనుకున్నాను’ అంది.

దొరికింది. ఆమె మర్చిపోలేదు. పదేళ్లు పనికొచ్చిన ఒక పద్ధతిని, అది పనికిరాని చోట వాడింది. ఇంట్లోవాళ్ల కోపాన్ని చల్లార్చాల్సిన గొడవగా కాక పేషెంట్ గురించి అందుతున్న సమాచారంగా వినడం ఆమెకు నేర్పాల్సిన పాఠం. ‘శ్వాస లెక్కపెట్టు’ అన్న హెచ్చరిక ఆ ఒక్క సన్నివేశానికే పనికొస్తుంది. ఈ పాఠం ఆమె వెళ్లే ప్రతి మంచం దగ్గరా పనికొస్తుంది.

2014లో అమెరికా నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి పెద్ద అధ్యయనం వెలువరించింది. పది నర్సింగ్ ప్రోగ్రాముల విద్యార్థుల్లో కొందరికి క్లినికల్ గంటల్లో పావు వంతు, కొందరికి సగం సిమ్యులేషన్‌తో నింపి చూశారు. చదువులోగానీ, ఉద్యోగంలో చేరాకగానీ, మామూలుగా వార్డుల్లో నేర్చుకున్నవారితో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వార్డుల్లో చోటు దొరక్క అల్లాడుతున్న కాలేజీలకు ఇది వరంలా కనబడింది. అయితే డీన్‌లకు ‘సగం’ అన్న మాట గుర్తుండిపోయింది, షరతులు గుర్తులేవు. ఆ అధ్యయనంలో సిమ్యులేషన్ నడిపినవారు దానికోసం ప్రత్యేకంగా శిక్షణ పొందారు, డీబ్రీఫింగ్‌ని ఒక పద్ధతి ప్రకారం చేశారు. మనం బొమ్మలు కొన్నాం. శిక్షణకు వచ్చేసరికి బడ్జెట్ లేదన్నాం. సన్నివేశం ఇరవై నిమిషాలైతే డీబ్రీఫింగ్‌కు కనీసం అంతకు రెట్టింపు పడుతుంది. ఆ టైమ్ ఇవ్వలేకపోతే సన్నివేశాల సంఖ్య తగ్గించండి. రోజుకు నాలుగు చేయించి నాలుగూ వృథా చేసేకంటే రెండు సరిగ్గా చేయించడం మేలు.

‘మరి సిలబస్ ఎప్పుడు పూర్తి చేయాలి?’ అని మీరడుగుతారు. నన్నడిగితే, కోత పడాల్సింది మన స్లైడ్ల మీద. ఏడెనిమిది వారాల కోర్సులో ఒక్కో క్లాసుకు నూట ఇరవై స్లైడ్లు చదివి వినిపించి ‘చెప్పేశాం’ అనుకోవడం మనకు తృప్తినిస్తుంది, అంతే. 2014లోనే సైన్సు, ఇంజినీరింగ్, గణితం కోర్సుల మీద వచ్చిన 225 అధ్యయనాలను గుదిగుచ్చి చూస్తే, లెక్చర్ మాత్రమే విన్న క్లాసుల్లో ఫెయిలయ్యే అవకాశం, విద్యార్థుల చేత ఏదో ఒకటి చేయించిన క్లాసుల కంటే ఒకటిన్నర రెట్లు ఉంది. అవి నర్సింగ్ కోర్సులు కావు, నిజమే. కానీ మన క్లాసు అందుకు భిన్నంగా ఉంటుందనుకోవడానికి నాకైతే కారణం కనబడదు.

చదివే పద్ధతి సంగతీ ఇలాంటిదే. పెద్దవాళ్లు ఎలా చదవాలో తెలిసే వస్తారనుకుంటాం. చాలామందికి తెలిసింది పదేళ్ల కిందటి పద్ధతి: మళ్లీ మళ్లీ చదవడం, రంగు పెన్నుతో గీతలు గీయడం. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో చేసిన ప్రయోగంలో, చదివిన ఐదు నిమిషాలకే పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం ఆగి పెడితే, పుస్తకం మూసి గుర్తు చేసుకునే ప్రయత్నం చేసినవాళ్లు వాళ్లను దాటేశారు. తమాషా ఏమిటంటే, మళ్లీ చదివినవాళ్లకే తమకు బాగా వచ్చేసిందన్న నమ్మకం ఎక్కువ. టైమ్ లేని కోర్సులో ఈ భ్రమ చాలా ఖరీదైనది. మొదటి వారంలోనే గంట కేటాయించి ఇది చెప్పాలి, చెప్పి ఊరుకోకుండా ప్రతి క్లాసూ మార్కుల్లేని ఐదు ప్రశ్నలతో మొదలుపెట్టాలి, అందులో రెండు ప్రశ్నలు మూడు వారాల కిందటి పాఠం నుంచి ఉండాలి. ఎందుకు చేస్తున్నామో చెబితే పెద్దవాళ్లు విసుక్కోరు. చెప్పకపోతే ‘చిన్నపిల్లల్లా చూస్తున్నారు’ అనుకుంటారు. ‘ఎందుకు’ అన్నది చెప్పి తీరాలన్న నోల్స్ మాట అక్కరకొచ్చేది సరిగ్గా ఇక్కడే.

లైసెన్సు పరీక్ష కూడా ఇదే దారి పట్టింది. 2023 ఏప్రిల్ నుంచి ఎన్‌క్లెక్స్‌లో ఒక పేషెంట్ కేసు ఇచ్చి, ఏ సూచనలు గమనించావు, వాటికి అర్థం ఏమిటి, ముందు దేన్ని పట్టించుకోవాలి, ఏం చేస్తావు, చేశాక ఫలితం ఎలా తేలుస్తావు అని వరసగా అడుగుతున్నారు. వల్లె వేసి గట్టెక్కే రోజులు పోతున్నాయి. అయినా పాస్ పర్సెంటేజీ టెన్షన్‌తో ఆఖరి నెలంతా ప్రశ్నల బ్యాంకులు రుద్దించే కాలేజీలున్నాయి. దాని గురించి ఎక్కువ రాయను, ఆ ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తుందో నాకూ తెలుసు.

‘ఇంత దగ్గరుండి చూసుకుంటే రేపు ఒంటరిగా ఎలా నిలబడతారు? అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు కాదా?’ అని ఒక సీనియర్ సహోద్యోగి అడిగారు. న్యాయమైన ప్రశ్న. నేనడిగేది మొదట్లో దగ్గరుండమని. మొదటి టర్మ్‌లో ఒక్క పేషెంట్, నేను పక్కనే. మధ్యలో ఇద్దరు పేషెంట్లు, పిలిస్తే పలికేంత దూరంలో నేను. ఆఖరున ప్రిసెప్టర్ నర్సుతో (విద్యార్థిని వెంట ఉంచుకుని పని నేర్పే వార్డు నర్సుతో) పూర్తి షిఫ్టు, అప్పుడు తన నిర్ణయాలు తను చెప్పాలి, నేను వినాలి. చెయ్యి ఎప్పుడు వదలాలన్నది విద్యార్థిని చూసి తేల్చుకోవాలి. మనం ఇప్పుడు చేస్తున్నది ఇందుకు తలకిందులు: మొదట్లో వదిలేస్తాం, ఆఖరున మార్కులు పడిపోతే పట్టుకుంటాం.

ఆ ఆలస్యం ఈ కోర్సుల్లో ఎంత నష్టమో ఒక్కసారి క్యాలెండర్ చూడండి. పదిహేను వారాల సెమిస్టర్‌లో మొదటి పరీక్ష తప్పితే తేరుకోవడానికి రెండు నెలలుంటాయి. ఏడు వారాల కోర్సులో మూడో వారం పరీక్ష, నాలుగో వారం మార్కులు, అప్పటికి సగం కోర్సు అయిపోతుంది. రెండో వారం దాటకముందే ఎవరు జారుతున్నారో తెలిసే ఏర్పాటు ఉండాలి. ‘మా దగ్గరకు రండి’ అని బోర్డు పెడితే వీళ్లు రారు. తమ రంగంలో పదిమందికి దారి చూపినవాళ్లు, ‘నాకు అర్థం కావడం లేదు’ అని పదేళ్లు చిన్నదైన ఇన్‌స్ట్రక్టర్ దగ్గరకొచ్చి చెప్పడం తేలిక కాదు. మనమే పిలవాలి. అందరినీ పిలవాలి, బాగా చదివేవాళ్లను కూడా, అప్పుడు ఎవరికీ చిన్నతనం ఉండదు.

సెల్ఫ్ స్టడీ అసలే వద్దని నేననడం లేదు. దానికిచ్చిన ప్రతి అంశం పక్కన, దాన్ని ఎవరు, ఏ వారంలో, ఎలా సరిచూస్తారో రాసి ఉంచండి. అలా రాయలేకపోతే ఆ అంశం మన సిలబస్‌లో పేరుకే ఉన్నట్టు.

ఇక ఇంటి సంగతి. ఇప్పటికే డిగ్రీ ఉన్నవాళ్లు కాబట్టి వీళ్లకు పెల్ గ్రాంట్ (తిరిగి కట్టక్కర్లేని ప్రభుత్వ ఆర్థిక సాయం) రాదు. అప్పు చేస్తారు, దాచుకున్నది తీస్తారు. కోర్సు జరిగినన్నాళ్లు ఉద్యోగం చేయొద్దని మనమే సలహా ఇస్తాం. అలాంటివాళ్లకు ఆదివారం రాత్రి మెయిల్ పెట్టి ‘మంగళవారం క్లినికల్ గురువారానికి మారింది, ఉదయం ఆరున్నరకల్లా ఉండాలి’ అంటాం. పిల్లల్ని ఎవరు చూసుకోవాలి? మంచాన ఉన్న తల్లికి మందులు ఎవరివ్వాలి? ఆసుపత్రులు మార్పులు చేస్తాయి, కాదనను. కానీ ఆ మార్పుల్లో ఎన్ని ఆసుపత్రి వల్ల వచ్చాయో, ఎన్ని మన ఆఫీసు ఆలస్యం వల్ల వచ్చాయో ఒక్క టర్మ్ లెక్క రాసి చూడండి. పెద్దవాళ్లుగా చూడటమంటే, వాళ్లకొక జీవితం ఉందని టైమ్‌టేబుల్ వేసేటప్పుడే గుర్తుపెట్టుకోవడం. క్లినికల్ తేదీలు కోర్సు మొదలవకముందే చేతికివ్వాలి.

మన ఇన్‌స్ట్రక్టర్ల గురించి చెప్పకపోతే ఈ లేఖ ఏకపక్షం అవుతుంది. ఐసీయూలో పదిహేనేళ్లు చేసిన మంచి నర్సును తీసుకొచ్చి పార్ట్ టైమ్ క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్ అంటాం, ఎనిమిది మంది విద్యార్థులను అప్పగిస్తాం. నర్సింగ్‌లో ఆవిడ ఐదో మెట్టు మీద ఉంది, పాఠం చెప్పడంలో మొదటి మెట్టు మీద ఉంది. తనకు కళ్లు మూసుకుని వచ్చే పని విద్యార్థికి ఎందుకు రావడం లేదో ఆవిడకు అంతుబట్టదు. ఆమెకూ అదే మాట చెబుతాం: పెద్దవారు, అనుభవం ఉన్నవారు, మీరే చూసుకుంటారు! ఆమెకు మొదటి టర్మ్‌లో అనుభవమున్న అధ్యాపకురాలిని జోడించండి. డీబ్రీఫింగ్ ఎలా నడపాలో శిక్షణ ఇప్పించండి. వార్డులో ఉన్న గంటలకే కాక, ముందు సిద్ధమయ్యే గంటలకూ విద్యార్థుల నోట్సు చదివే గంటలకూ జీతం ఇవ్వండి. డబ్బు దగ్గర మీ చేతులు ఎంతవరకు కట్టేసి ఉన్నాయో నాకు తెలియనిది కాదు. సిమ్యులేషన్ బొమ్మకు కొత్త వెర్షన్ కొనే ముందు ఈ పద్దు రాయండి.

ఒక్క విషయంలో నాకు మీ సలహా కావాలి. ఒకే ఒక్క కోర్సు తప్పినవారు మళ్లీ ఆ కోర్సు పెట్టేదాకా, కొన్నిచోట్ల ఏడాది దాకా, ఇంట్లో కూర్చోవాల్సి వస్తోంది. ఆ ఏడాదిలో చేతికి వచ్చిన పని మర్చిపోతారు, అప్పు మాత్రం పెరుగుతుంది. మామూలు నాలుగేళ్ల కోర్సులోని సెక్షన్‌లో వాళ్లను కూర్చోబెట్టడం, ల్యాబ్‌కు రానివ్వడం లాంటివి మీ కాలేజీల్లో ఎవరైనా చేసి చూశారా? గుర్తింపు నిబంధనలు ఎక్కడ అడ్డొచ్చాయి, ఎలా దాటారు? చేసినవాళ్లు మిగతావారికి తెలిసేలా బహిరంగంగానే జవాబు రాయండి. మా కమిటీలో ఈ టర్మ్ చివర ఈ విషయం చర్చకు పెడుతున్నాను.

ఇట్లు,
ఒక నర్సింగ్ అధ్యాపకురాలు